పద్మిని 1984: ఊళ్లో బాగుంటుంది, రోడ్డెక్కితే ఆగిపోతోంది. పెట్రోల్ ఎక్కడ ఆగుతోంది?

హన్మకొండ పద్మిని (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. బండి 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని, పెట్రోల్, 1089 సీసీ, గేరు స్టీరింగ్ పక్కనే. మా బాపు 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన కాజీపేట డీజిల్ లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో ఇద్దరం ఇలాంటివాళ్లం ఉండి కూడా తొమ్మిది నెలలుగా ఈ బండి మమ్మల్ని రోడ్డు పక్కన నిలబెడుతోంది.

(వింటేజ్ విభాగంలో రాసినందుకు తిట్టకండి. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు నిండితేనే వింటేజ్ అని తెలుసు. బండికి ఇంకా నిండలేదు. నడిపే బాపుకు ఎప్పుడో నిండాయి.)

పొద్దున చోక్ లాగి ఒక్క సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది. ఊళ్లో ఎంత తిప్పినా ఏమీ అనదు. చౌరస్తాలో ట్రాఫిక్ ఇరుక్కుని పావుగంట నిలబడినా ఐడ్లింగ్ చెక్కు చెదరదు. కరీంనగర్ రోడ్డెక్కితే మాత్రం కథ మొదలు. హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తి దగ్గరికొచ్చేసరికి ఎవరో వెనక నుంచి తాడేసి లాగుతున్నట్టు పికప్ తగ్గుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత నీరసం. రెండు మూడు కుదుపులు, ఆ తర్వాత చప్పుడు లేదు. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మళ్లీ అయిదారు కిలోమీటర్లు, మళ్లీ అదే.

ఇప్పటిదాకా మార్చినవి: ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ (నిప్పురవ్వ పుట్టించే సామానంతా). సోలెక్స్ కార్బొరేటర్ రెండుసార్లు విప్పి జెట్లన్నీ ఊదించాం. టాంకు నుంచి పెట్రోల్ లాగే పంపులో డయాఫ్రమ్ (లోపలి పలచని పొర) కిట్ కొత్తది. మొదట చూసిన మెకానిక్, ఎండకు పైపులో పెట్రోల్ ఆవిరవుతోందమ్మా, వేపర్ లాక్ అన్నాడు. పంపు మీద తడిగుడ్డ వేయమన్నాడు. మే నెల కదా, నమ్మాం. వేస్తే పనిచేసింది కూడా. ఇక బండిలో ఒక పాత తువ్వాలు, నీళ్ల బాటిల్ పర్మనెంట్ అయిపోయాయి.

అయితే మొన్న జనవరిలో హుజూరాబాద్‌లో పెళ్లికని తెల్లవారుజామున బయల్దేరాం. మంచు ఎంత ఉందంటే ముందు లారీ లైట్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. బాపు మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా అదే ఎల్కతుర్తి దగ్గర, అలాగే ఆగింది. బానెట్ ఎత్తి పంపు ముట్టుకుంటే వెచ్చగా కూడా లేదు. ఆ చలిలో పెట్రోల్ ఆవిరి ఎందుకవుతుంది?

బాపు మాట ఒక్కటే: "పంపే. కిట్టు గాదు, కొత్త పంపు తే." మెకానిక్ ఇప్పుడు కార్బొరేటర్ మార్చేద్దాం అంటున్నాడు. నాకేమో, ఇలా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం జ్వరానికి రోజుకో మాత్ర వేసి చూసినట్టుంది. ఏదీ కొనకుండా, లోపం ఎక్కడుందో ముందు తేల్చుకునే దారి ఉందా?

---

స్పీడ్ బ్రేకర్

కార్బొరేటర్, పంపు రెండూ పీకేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టండి మేడం, టెన్షన్ ఉండదు. లేదంటే మంచి రేటొస్తే అమ్మేయండి. మా దోస్తు కొంటాడు.

---

హన్మకొండ పద్మిని

బాపుకు వినిపించాను. "ఆయన్నే అమ్ముకొమ్మను, దోస్తును" అన్నారు.

ఎలక్ట్రిక్ పంపు గురించి: వెనకెక్కడో దారి మూసుకుపోయి ఉంటే కొత్త పంపు మాత్రం ఏం పీలుస్తుంది? స్ట్రా మూసుకుపోతే గట్టిగా పీల్చినా కొబ్బరినీళ్లు రావు కదా.

---

సోలెక్స్ తాత

బిడ్డా, నేను కరీంనగర్‌లో నలభై ఏళ్లు పానా పట్టినవాణ్ని. ఫియట్లు, అంబాసిడర్లు లెక్కలేనన్ని చేసిన. ఇప్పుడు కళ్లు సరిగ్గా లేవు కాబట్టి నోటితో రిపేరు చేస్తున్నా, మనవరాలు టైపు చేస్తోంది.

నువ్వడిగింది మంచి ప్రశ్న. అయితే పెట్రోల్ కథ మొదలుపెట్టే ముందు ఇది పెట్రోల్ లోపమేనా అన్నది తేల్చుకో. కాయిల్, కండెన్సర్ వేడెక్కి చచ్చినా బండి ఇట్లనే ఆగుతుంది, చల్లారినాక ఇట్లనే లేస్తుంది. కొత్తవి వేసినమని ధీమా వద్దు. ఇప్పుడొచ్చే కొత్త కండెన్సర్ల కన్నా పాతవే నయం అనిపిస్తుంది నాకు.

బండి ఆగిన వెంటనే, పది నిమిషాల తర్వాత కాదు, ఆగిన నిమిషంలోనే, స్విచ్ ఆఫ్ చేసి ఎయిర్ క్లీనర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి చూడు. చేత్తో యాక్సిలరేటర్ లివర్ గట్టిగా ఒక్కసారి లాగు. లోపల సన్నటి పెట్రోల్ ధార చిమ్మితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టే, నువ్వు కరెంటు వైపు పో. చిమ్మలేదా, గిన్నె ఎండిపోయింది, పెట్రోల్ అందట్లేదు. ముఖం దూరంగా పెట్టి చూడు.

ఎండిపోతే అప్పుడే, ఇంకేదీ ముట్టుకోకుండా, టాంకు మూత తీసి చెవి పెట్టు. గాలి లోపలికి బుస్సుమని పోయిందంటే టాంకుకు ఊపిరి ఆడటం లేదు. పెట్రోల్ పోయినంత మేర గాలి లోపలికి రావాలి, రాకపోతే పంపు ఎంత గుంజినా పెట్రోల్ కదలదు. పాత మూత పోయి ఏదో దొరికిన మూత పెట్టిన బండ్లల్లో ఇది చానా చూసిన.

బాపును ఇంజన్ ఆయిల్ గేజు గుంజి వాసన చూడమను. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తే పంపు డయాఫ్రమ్ చిరిగినట్టు. అట్ల ఉంటే బండి అసలు నడపకండి.

ఇంత చేసి రాయి. మిగతాది తర్వాత.

---

ఉప్పల్ ఫియట్

అక్కా, తాత చెప్పినవి చేస్తూనే రబ్బరు పైపులు కూడా చూడండి. నాకు 1978 పద్మిని ఉంది. టాంకు దగ్గర ఒక చిన్న ముక్క, పంపు దగ్గర ఇంకో ముక్క ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. బయట చూస్తే నిగనిగలాడుతుంది, లోపల పొర విడిపోయి పంపు పీల్చినప్పుడల్లా ముడుచుకుంటుంది. నా బండిలో పైపు కోసి చూసేదాకా తెలియలేదు. కొనేటప్పుడు ఎస్‌ఏఈ జె30 ఆర్9 (పెట్రోల్ పైపుల ప్రమాణం) అని పైపు మీద అచ్చు ఉన్నదే అడగండి. నీళ్ల పైపు అస్సలు వద్దు.

ఇంకోటి. పీల్చే వైపు క్లిప్పు వదులైతే పెట్రోల్ బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకని కారడం లేదు కదా అని నమ్మకండి.

---

హన్మకొండ పద్మిని

తాతకు, ఉప్పల్ తమ్ముడికి థాంక్స్. ఆదివారం కావాలనే చెడగొట్టుకోవడానికి వెళ్లాం. ఎప్పుడాగుతుందా అని ఎదురుచూస్తూ బండి నడపడం ఇదే మొదటిసారి. బాపు ఒళ్లో పేచ్‌కస్, ప్లాస్ పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. ఎల్కతుర్తి కంటే రెండు కిలోమీటర్ల ముందే మర్యాదగా ఆగింది.

గొంతులోకి చూసి లివర్ లాగాను. పొడి. ఇంకోసారి లాగాను. ఒక్క చుక్క లేదు. బాపు ముఖంలో ఆనందం చూడాలి, "కాయిల్ గాదంటి గదా!" అని.

టాంకు మూత తీశాను. బుస్సు లేదు, ఏ చప్పుడూ లేదు. మూత తీసే ఉంచి సెల్ఫ్ కొట్టినా లేవలేదు. పది నిమిషాలకు ఎప్పటిలా లేచింది. ఆయిల్‌లో పెట్రోల్ వాసన లేదు.

రబ్బరు ముక్కలు రెండూ సోమవారం మార్చాం. పాతవి కోసి చూస్తే పంపు దగ్గరది బాగానే ఉంది. టాంకు దగ్గరది మాత్రం వేలితో నొక్కితే నానిన బ్రెడ్‌లా ఉంది. ఇదే దొంగ అనుకుని మంగళవారం మళ్లీ వెళ్లాం. మళ్లీ ఆగింది.

ఒక సంగతి మాత్రం తట్టింది. ఇన్నాళ్లూ "పాతిక కిలోమీటర్లకు ఆగుతుంది" అనుకున్నాం, అందుకే వేడి మీద అనుమానం. నిజానికి హసన్‌పర్తి దాకా ట్రాఫిక్‌లో ముప్పై దాటం. ఆ తర్వాతే అరవై అందుకుంటాం. హైదరాబాద్ రోడ్డు మీద కూడా మడికొండ దాటి రోడ్డు ఖాళీ అయ్యాకే ఆగింది. దూరం కాదు, వేగం.

కాలేజీలో ఖాళీ పీరియడ్‌లో లెక్కేశాను. అరవై మీద నిమిషానికి ఒక కిలోమీటరు. లీటరుకు పన్నెండు ఇస్తుంది అనుకుంటే నిమిషానికి దాదాపు 83 మిల్లీలీటర్లు కావాలి. ఊళ్లో ఇరవై మీద, మైలేజీ పది అనుకున్నా, 33 చాలు. అంటే దారిలో ఎక్కడో నిమిషానికి యాభై అరవై మిల్లీలీటర్లకు మించి రాకపోతే ఊళ్లో నాకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. కార్బొరేటర్ గిన్నెలో ఉండేది గుక్కెడు. అరవై మీద అది అయిపోవడానికి ఎంతసేపు?

తడిగుడ్డ రహస్యం కూడా విడిపోయింది. గుడ్డ తడిపి, చుట్టి, బానెట్ మూసేసరికి పది నిమిషాలు పట్టేది. పనిచేసింది నీళ్లు కాదు, ఆ పది నిమిషాలు.

---

సోలెక్స్ తాత

నీ లెక్క చదివించుకుని విన్న. నలభై ఏళ్లు నేను చేతి అలవాటుతో చేసింది నువ్వు సుద్దముక్కతో చేసినవు. ఇప్పుడు ఆ మిల్లీలీటర్లు సీసాలో పట్టి చూడు.

కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసెయ్, నిప్పురవ్వ పుట్టొద్దు. ఆరుబయట చెయ్, పక్కన ఇసుక బకెట్ పెట్టుకో, ఇంజన్ చల్లగా ఉండాలి. పంపు నుంచి కార్బొరేటర్‌కు పోయే పైపు విప్పి గీతలున్న సీసాలోకి పెట్టు. బాపును పదిహేను సెకన్లు సెల్ఫ్ కొట్టమను. ఎంతొచ్చిందో రాసుకో. కాస్త ఆగి మళ్లీ, ఇంకా ఆగి మళ్లీ. సెల్ఫ్ మోటారు కాలకుండా చూసుకో.

తర్వాత టాంకు నుంచి వచ్చే పైపు పంపు దగ్గర విప్పి, దాని బదులు ఒక పైపు వేసి, కింద నేల మీద పెట్రోల్ డబ్బా పెట్టి దాంట్లో ముంచు. మళ్లీ మూడుసార్లు. డబ్బా పైన పెట్టొద్దు, పైన పెడితే పెట్రోల్ దానంతటదే కారుతుంది, పంపుకు పరీక్షే ఉండదు. డబ్బాతో బాగా వచ్చి టాంకుతో రాకపోతే పంపుకు దండం పెట్టి వెనక్కి పో. రెండింటితో రాకపోతే మీ బాపు గెలిచినట్టు.

డబ్బా బండిలో పెట్టుకుని రోడ్డెక్కుతామని మాత్రం అనకండి. అట్ల చేసి కాలిన బండిని నేను చూసిన.

---

హన్మకొండ పద్మిని

కాలేజీ ల్యాబ్ నుంచి కొలజాడీ తెచ్చాను (తిరిగి ఇవ్వను లెండి, పెట్రోల్ వాసన పోదు, కొత్తది కొనిస్తాను). పదిహేను సెకన్లకు వచ్చిన పెట్రోల్:

డబ్బా నుంచి: 85, 90, 85 మిల్లీలీటర్లు.

టాంకు నుంచి: 80, 35, 15.

ఆ మూడోసారి ధార కాదు, చుక్కలు. పది నిమిషాలు ఆగి మళ్లీ పడితే 75.

పదిహేను సెకన్లకు 15 అంటే నిమిషానికి అరవై. నా లెక్కలో అరవై స్పీడుకు కావలసింది 83. కాగితం మీద వేసుకున్న అంకె జాడీలో కనపడితే ఉండే సంతోషం ఫిజిక్స్ చెప్పేవాళ్లకే తెలుస్తుంది. బాపు మాత్రం తన పంపు వాదన ఓడిపోయినందుకు కాదు గానీ ఎందుకో చాలాసేపు మాట్లాడలేదు.

ప్రశ్న: దారిలో ఏదో అడ్డం ఉంటే మొదటి 80 ఎలా వచ్చింది? ఎప్పుడూ ఉండే అడ్డమైతే ప్రతిసారీ 15 రావాలి కదా?

---

సోలెక్స్ తాత

కదిలే అడ్డం అది. టాంకులో ఏదో తేలుతోంది. పంపు గుంజినప్పుడు పోయి గొట్టం మూతికి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగితే గుంజుడు ఆగుతుంది, మెల్లగా జారి కింద పడుతుంది. అందుకే పది నిమిషాలు. తుప్పు పెచ్చు కావచ్చు, చెత్త కావచ్చు. ఒక బండిలో నేను చాయ్ బండి ప్లాస్టిక్ కవరు ముక్క తీసిన.

టాంకు మూత తీసి, పంపు దగ్గర విప్పిన పైపులోంచి సైకిల్ పంపుతో వెనక్కి గాలి కొట్టు. కంప్రెషర్ వద్దు. బుడగల చప్పుడు రావాలి. తర్వాత మళ్లీ కొలువు. బాగుపడి రెండు రోజులకు మళ్లీ మొదటికొస్తే టాంకు దింపక తప్పదు.

---

ఉప్పల్ ఫియట్

తాతా, చాయ్ బండి కవరా! అక్కా, ఏం దొరికిందో ఫొటో పెట్టండి.

---

హన్మకొండ పద్మిని

ఫొటో తీసే స్థితిలో లేను, ముందు జరిగింది చెబుతాను.

సైకిల్ పంపుతో కొట్టాం, గుడగుడలాడింది. కొలిస్తే 80, 80, 85. ఆ ధైర్యంతో హుజూరాబాద్ దాకా ఆగకుండా పోయాం. తిరుగు ప్రయాణంలో ఆగింది. ఇక టాంకు దింపుదాం అంటే బాపు ఒప్పుకోలేదు. "తుప్పు బోల్టులు, విరుగుతయ్." సరే, విరిగితే కొత్తవి వేద్దాం. "పెట్రోల్ వాసనకు మీ అమ్మకు తలనొప్పి." అమ్మ కరీంనగర్‌లో చెల్లె దగ్గరుంది. మూడు రోజులు ఇలాగే సాగదీశారు. ఎప్పుడూ పానా కనపడితే ఆగలేని మనిషి.

నాలుగో రోజు నేనే పెట్రోల్ తీసేసి బోల్టులు విప్పుతుంటే వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెప్పారు. 2002లో మేడారం జాతరకు అందరం ఈ బండిలోనే వెళ్లాం. నాకూ గుర్తుంది, దారంతా పెట్రోల్ వాసన, చెల్లె వాంతులు. అమ్మ అడిగితే "ముందు లారీది" అన్నారు. నిజానికి టాంకు అతుకు దగ్గర కారుతోంది. బయటి నుంచి సబ్బు రుద్ది జాతర గట్టెక్కించారు. తిరిగొచ్చాక టాంకు దింపి, లోపల ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోసి, అన్ని వైపులా తిప్పి పూత పెట్టారు. ఎవరికీ చెప్పలేదు. "కారుతున్న టాంకు మీద పిల్లలను కూసుండవెట్టి అడవిల పొయ్యి కాడికి తీస్కపోయిన అని మీ అమ్మకు తెలిస్తే అప్పుడే అమ్మిచ్చేది బండిని."

అంటే పంపు, పంపు అని తొమ్మిది నెలలు మొత్తుకున్నది ఇందుకా అని అడిగాను. మొదట్లో కాదట. మొన్న జాడీలో అంకెలు చూశాకే అనుమానం వచ్చిందట.

టాంకు తిప్పి పోస్తే పెద్ద ఉల్లిగడ్డ పొరల్లాంటి ముక్కలు వచ్చాయి. తేనెరంగు, పలచన, వేళ్ల మధ్య నలిపితే రబ్బరులా సాగుతున్నాయి. ఒకటి నా అరచేతి అంత ఉంది. రాయిలా ఉండాల్సిన పూత. అన్నేళ్లు నిలబడింది, ఈ ఇథనాల్ పెట్రోల్ వచ్చాక మెత్తబడి ఊడింది. తమ్ముడు రబ్బరు పైపు గురించి చెప్పిందే, టాంకు లోపల జరిగింది.

---

సోలెక్స్ తాత

మీ బాపును ఏమనకు. ఆ రోజుల్లో అందరం అదే చేసినం, నేను కూడా. అప్పటి పెట్రోల్‌కు అది సరిపోయింది.

మిగిలిన పూత కూడా మొత్తం తీసెయ్యండి, సగం ఉంచితే వచ్చే ఏడాది మళ్లీ ఇదే. థిన్నర్ పోసి నానబెట్టి, లోపల గుప్పెడు నట్లు వేసి ఊపండి. ఎన్ని వేసినరో లెక్కపెట్టుకోండి, అన్నీ బయటికి రావాలి. అతుకు రేడియేటర్ షాపులో పట్టించండి. ఖాళీ టాంకు నిండు టాంకు కన్నా ప్రమాదం, లోపలంతా ఆవిరే. బాగా కడిగి నీళ్లు నింపినాకనే వేడి చూపించే మనిషికి ఇయ్యండి. నీళ్లెందుకు అనేవాడైతే వాపస్ తెచ్చుకోండి.

---

హన్మకొండ పద్మిని

ఇరవై నట్లు వేశాం, పంతొమ్మిది వచ్చాయి. ఇరవయ్యోదాని కోసం బాపు, నేను టాంకును చెరో పక్క పట్టుకుని సాయంత్రం దాకా ఊపాం. వచ్చింది.

రేడియేటర్ షాపతను అడగకుండానే నీళ్లు నింపాడు. అతుకు పట్టి, లోపల ఎండబెట్టి, బయట నల్ల పెయింటు వేసి బిగించాం. కొలిస్తే ఆరుసార్లూ 80 పైనే. నిన్న కరీంనగర్ వెళ్లి అమ్మను తీసుకొచ్చాం. ఎల్కతుర్తి వచ్చేసరికి బాపు అలవాటుగా తువ్వాలు చేతిలోకి తీసుకున్నారు. బండి ఆగలేదు. అమ్మ వెనక సీట్లో ఉంది కాబట్టి టాంకు సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఈ పోస్టు ఆమె చదవదనే నమ్మకం.

అయితే ఒకటి. టాంకు బిగించినప్పటి నుంచి డ్యాష్‌బోర్డు మీద పెట్రోల్ ముల్లు కదలడం లేదు. పది లీటర్లు పోసినా అక్కడే ఉంది. లోపల ఫ్లోట్ వంగిందా?

---

సోలెక్స్ తాత

ఫ్లోట్ జోలికి పోకు. కొత్త పెయింటు వేసిన అన్నవు కదా. టాంకు మీది గేజు యూనిట్ స్క్రూ కింద పెయింటు గీకు, ఎర్త్ అందట్లేదు.

---

హన్మకొండ పద్మిని

గీకాను. కదిలింది. బాపు "నేను చెప్పబోతున్న" అంటున్నారు.